విమానాలకి పడవ రంగు

కొందరు ఒక పెళ్ళికని బయల్దేరి ఇంకో పెళ్ళిలో భోంచేసి వస్తారు. కొందరు రాజోలు బస్సనుకుని కాకినాడ బస్సెక్కి, మధ్యలో దిగడానికి మొహమాటపడి కాకినాడ చూసి వస్తారు. అవన్నీ చిన్న చిన్న పొరపాట్లు, నలుగురిలో చెప్పుకుని నవ్వుకోదగ్గవి. నేను చేసింది అలాంటిది కాదు. నేను ఒక్క వారంలో పదకొండు విమానాల్ని నాశనం చేశాను. యుద్ధంలో కాదండీ. మా మావయ్యగారి వీధి అరుగు మీద, పట్టపగలు, దారినపోయేవాళ్ళందరూ చూస్తుండగా, ఎంతో శ్రద్ధగా చేశాను.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. బీకాం కొత్తగా పాసయ్యాను కాబట్టి ప్రపంచంలో నాకు తెలియని సంగతంటూ లేదు. ఉన్నాయని తెలియడానికి ఒక చిన్న పుస్తకంలో మూడో పేజీ దాకా వెళ్ళాల్సి వచ్చింది. ఆ మూడో పేజీలో ఏముందో ఇప్పుడే చెప్పను. చెబితే ఇక్కణ్ణించే నన్ను తిట్టుకుంటూ చదువుతారు.

ముందు మా మావయ్య గురించి చెప్పాలి. ఆయన పేరు శామ్యూలు. మా అమ్మకి పెద్దన్నగారు, మా పక్కిల్లే. అమలాపురం నించి ఓడలరేవు వెళ్ళే దారిలో మా ఊరు. అక్కణ్ణించి కుర్రతనంలోనే మద్రాసు వెళ్ళిపోయి, ఏరోడ్రోములో సామాన్లు ఎక్కించే పనిలో చేరి, ముప్పై ఏళ్ళు విమానాల పొట్టల్లోకి పెట్టెలు తోసి తోసి రిటైరై వచ్చారు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా విమానంలో ఎగరలేదు. ఆ లోటు తీర్చుకోడానికేమో, బొమ్మ విమానాలు కూడబెట్టారు. పిల్లలాడుకునే రేకు బొమ్మలు కావవి. కరిగించిన లోహాన్ని అచ్చులో పోసి, ఇంగ్లండులో తయారు చేసినవి. అరచేతిలో పెట్టుకుంటే బరువుగా, చల్లగా ఉంటాయి. తిరిగే పంకాలు, చిన్న చిన్న చక్రాలు, పక్కన కంపెనీ పేరు. కొన్ని పైలట్లు ఇచ్చినవి, కొన్ని పాత సామాన్ల బజార్లో ఏరుకొచ్చినవి. అలా పదకొండు. వీటి కోసం ప్రత్యేకంగా ఒక అద్దాల బీరువా చేయించి వీధి అరుగు మీద పెట్టుకున్నారు. అందులో మాత్రం పన్నెండు గళ్ళున్నాయి.

పన్నెండో గడి ఎందుకు ఖాళీగా ఉందని అడిగితే మావయ్య, "అది వైకౌంటుదిరా" అనేవారు.

వైకౌంటు అనేది ఆ రోజుల్లో తిరిగిన నాలుగు పంకాల విమానం. దాని కిటికీలు పెద్దవిగా, కోడిగుడ్డు ఆకారంలో ఉండేవి. ఒకసారి మా అత్తయ్య రత్నమ్మగారు మద్రాసులో ఏరోడ్రోము చూడ్డానికి వెళ్ళిందట. చూసేవాళ్ళు నిలబడే చోట నిలబడిందట. సరిగ్గా అప్పుడే ఒక వైకౌంటుకి ఏదో మరమ్మతొచ్చి ఆగిపోతే, తెలిసిన మెకానిక్కు మావయ్యని లోపలికి పిలిచి పది నిమిషాలు కిటికీ పక్క సీట్లో కూచోబెట్టాడట. మావయ్య ఆ కిటికీలోంచి అత్తయ్యకి చెయ్యి ఊపారు. అదీ ఆయన విమాన ప్రయాణం. ఇది చెప్పినప్పుడల్లా అత్తయ్య, "విమానం కదల్లేదు గానీ బాబూ, ఈయన మాత్రం లండను వెళ్ళిపోతున్నట్టు ఊపుతూనే ఉన్నారు" అనేది. అని ముసిముసిగా నవ్వుకునేది. మావయ్యకి మాత్రం నవ్వొచ్చేది కాదు. ఆయనకి ఆ బొమ్మ ఒక్కటే కావాలి. అదే ఎక్కడా దొరకలేదు.

ఇలా ఉండగా ఆ ఏడాది నవంబరులో మద్రాసు నించి ఒక ఉత్తరం వచ్చింది. రాసినాయన ఒక డాక్టరుగారు, కళ్ళ డాక్టరు, తెలుగాయనే. ఆయన దగ్గర రెండొందల పైగా బొమ్మ విమానాలున్నాయట. మావయ్యతో పనిచేసిన ఎవరో చెబితే తెలిసిందట, మీ దగ్గర పాత డకోటా విమానం బొమ్మ ఒకటుందట గదా, నా దగ్గర వైకౌంట్లు రెండున్నాయి, క్రిస్మసు వెళ్ళాక వచ్చి చూస్తాను, మీ డకోటా నాకు నచ్చితే ఒక వైకౌంటు మీకిచ్చి అది నేను తీసుకుంటాను అని ఆ ఉత్తరం సారాంశం. దాంతోపాటు ఇలాంటి బొమ్మల విలువ ఎలా కట్టాలో వివరించే ఇంగ్లీషు పుస్తకం కూడా పంపించారు. అరచేయంత పుస్తకం.

మావయ్యకి కళ్ళలో శుక్లాలు ముదిరిపోయి అప్పటికే మనుషులు మసగ్గా కనబడుతున్నారు. ఉత్తరం నేనే చదివి వినిపించాను. మూడుసార్లు చదివించుకున్నారు. మూడోసారి అయ్యాక బీరువా దగ్గరికి వెళ్ళి, ఆ ఖాళీ గడిలో చెయ్యి పెట్టి తడుముతూ కాసేపు నిలబడ్డారు.  ఎలాగైనా మావయ్యకి ఆ వైకౌంటు ఇప్పించి తీరాలని అప్పుడే నిశ్చయించుకున్నాను. జరిగిన ఘోరమంతా ఈ మంచి ఉద్దేశం లోంచే పుట్టింది.

డిసెంబరు మొదట్లో మావయ్య ఒక కంటికి ఆపరేషను చేయించుకోడానికి కాకినాడ వెళ్ళారు. తోడు అత్తయ్య. రెండు వారాలు అక్కడే ఉండాలన్నారు. బీరువా తాళంచెవి నా చేతిలో పెట్టి, "కోడి ఈకతో దుమ్ము దులుపు. అంతకు మించి చెయ్యి వెయ్యకు" అన్నారు మావయ్య.

"ఆయ్" అన్నాను.

మా వైపు ఆయ్ అంటే సరేనండీ అని అర్థం. అలాగే చేస్తానని మాత్రం హామీ కాదు. మీరు మా వైపు వాళ్ళయితే ఈ పాటికి తెలిసే ఉంటుంది.

రెండు రోజులు బుద్ధిగా దుమ్ము దులిపాను. మూడో రోజు ఆ పుస్తకం తెరిచాను. మొదటి పేజీలో చుక్కల లెక్క ఉంది. కొత్తదానిలా మెరుస్తుంటే అయిదు చుక్కలు. రంగు ఒకచోట పెచ్చు లేస్తే ఒక చుక్క పోతుంది. నాలుగైదు చోట్ల లేస్తే ఇంకోటి పోతుంది. రెండో పేజీలో బొమ్మతో పాటు వచ్చిన అట్టపెట్టె కూడా ఉంటే విలువ రెట్టింపని రాసుంది. ఆ పెట్టెల్లో అత్తయ్య పదేళ్ళుగా కుంకుడుకాయలు పోసి, నిరుడు వానాకాలం పొయ్యిలోకి కట్టెలు తడిసినప్పుడు ఒక్కొక్కటే అంటించేసింది. కాబట్టి అది వదిలేశాను. మూడో పేజీలో బొమ్మలేం లేవు. అంతా సన్నటి అక్షరాలు. ఎండ కూడా బాగా ఉంది. పుస్తకం మూసేశాను.

తర్వాత బీరువా తెరిచి పరీక్ష పెట్టాను. ఒక్కటి కూడా అయిదు చుక్కలది లేదు. ముఖ్యంగా ఆ డకోటా. వెండి రంగు సగం పోయింది. ఎడమ రెక్క కొసన వేలి గోరంత పెచ్చు లేచి గుంట పడింది. ఎంత ఉదారంగా చూసినా రెండు చుక్కలకి మించదు. దీన్ని చూసి డాక్టరుగారు వైకౌంటు ఇస్తారా? నాకు భయం పట్టుకుంది.

భయంతో పాటు బీకాం కూడా గుర్తొచ్చింది. మాకు తరుగుదల అని ఒక పాఠం ఉండేది. ఏ వస్తువైనా వాడకం వల్ల అరిగి విలువ తగ్గుతుంది, దాన్ని బాగు చేయిస్తే విలువ పెరుగుతుంది. ఇది నేను పరీక్షలో రెండు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్న జవాబు. రంగు పోతే చుక్క పోతుంది. మరి రంగు వేస్తే? చుక్క తిరిగొస్తుంది. పదకొండిటికీ వేస్తే పదకొండూ అయిదు చుక్కలవే. ఇంత తేలిక సంగతి ఇంగ్లండు వాళ్ళకి తట్టనందుకు జాలిపడ్డాను కూడా.

పైగా అది డిసెంబరు. మా పేటలో క్రిస్మసు వస్తోందంటే రంగు పడని వస్తువుండదు. గోడలకి సున్నం, తలుపులకి రంగు, గుడిలో, అంటే మా చర్చిలో, బల్లలకి వార్నీషు, అన్నీ అయిపోయి డబ్బాలో ఇంకా మిగిలిందంటే నూతి గిలకకీ, కోళ్ళగూటికీ వేస్తారు. ఇంటికి చుట్టాలొస్తుంటే పెచ్చులూడిన వస్తువు ఎదురుగా కనబడ్డం మాకు తలవంపులు. మద్రాసు డాక్టరుగారొస్తుంటే అద్దాల బీరువాలో పెచ్చులూడిన విమానాలు పెట్టుకుంటామా చెప్పండి.

రంగులు వెయ్యడానికి ఏటా ఓడలరేవు నించి నూకరాజు వచ్చేవాడు. అసలు వృత్తి పడవలకి రంగులెయ్యడం. వేటకెళ్ళే పడవలకి వేసిన నీలం, ఎరుపు, పసుపే మా తలుపులకీ వేసేవాడు. ఒక్క పని వదిలేవాడు కాదు, అడక్కపోయినా చేసేవాడు. ఆ రోజు మావయ్య గేటుకి రంగేస్తున్నాడు. డకోటా తెచ్చి చేతిలో పెట్టాను.

తిప్పి తిప్పి చూశాడు. "దీని అడుగేదండీ?"

"ఇది విమానం నూకరాజూ. నీళ్ళలో దిగదు."

"దిగాపోయినా అడుగుండాలి గదండీ. అడుక్కి తారు పుయ్యకపోతే పురుగు పట్టేస్తదండి."

లోహానికి పురుగు పట్టదని చెప్పాను. ఎందుకైనా మంచిదన్నాడు. సరే, తారు పుయ్యమన్నాను.

ముందు ఉప్పుకాగితం తీసుకుని పదకొండిటినీ బరబరా రుద్దేశాడు. కంపెనీల పేర్లు, చిన్న చిన్న జెండాలు, ఎర్ర గీతలు, అన్నీ పొడిపొడిగా రాలిపోయాయి. గాలికి ఆ పొడి కొబ్బరి మొక్కల మీద పడుతుంటే ఎంత పాత దుమ్ము వదిలిందో అని సంబరపడ్డాను. తర్వాత డకోటా రెక్క మీది గుంటలో లప్పం పెట్టి పూడ్చి నున్నగా చేశాడు. వేలితో రాసి చూస్తే గుంటున్న జాడే తెలీలేదు. నూకరాజు పనితనానికి మెచ్చుకుని అత్తయ్య దాచుకున్న జంతికలు పెట్టాను.

పైన నీలం, నడుమున ఎర్ర పట్టీ, అడుగున తారు. కిటికీలున్న చోట కూడా నీలమే, ఎందుకంటే పడవలకి కిటికీలుండవు. మొదటి పూత ఆరాక నూకరాజు ఇంకో సమస్య తెచ్చాడు.

"పేర్లేం రాయమంటారండీ? పేరు లేకపోతే రేవులో ఏది ఎవరిదో తెలీదండి."

నీకు తోచింది రాయమన్నాను. రాశాడు. డకోటాకి 'గంగమ్మ దయ, ఓడలరేవు' అని వచ్చింది. దాని పక్కనున్న దానికి 'చేపల రాణి' అని పడింది. గుడిలో కానుక పళ్ళెం పట్టే మావయ్య బీరువాలో గంగమ్మ కూచుందేమిటా అని ఒక్క క్షణం అనిపించింది గానీ, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. చెరపాలనిపించలేదు.

చివరగా కళ్ళు. ఓడలరేవులో నూకరాజు చేతిలో పడ్డ పడవకల్లా ముందు భాగాన అటొకటి ఇటొకటి కళ్ళుంటాయి. "కళ్ళు లేకపోతే దారెలా చూసుకుంటదండీ?" అన్నాడు. నిజమే అనిపించింది. మావయ్య కూడా కళ్ళ కోసమే గదా కాకినాడ వెళ్ళారు. ఏడు విమానాలకి కళ్ళు పెట్టేసరికి తెల్ల రంగు అయిపోయింది. మిగిలిన నాలుగిటికీ పండగెళ్ళాక వచ్చి పెడతానని చెప్పి వెళ్ళిపోయాడు.

క్రిస్మసుకి రెండు రోజుల ముందు మావయ్య, అత్తయ్య వచ్చారు. మావయ్య ఆపరేషనైన కంటికి కట్టు, మీద ఆకుపచ్చ గుడ్డ. రెండో కంటికి ఇంకా శుక్లం అలాగే ఉంది. మనుషుల్ని గొంతుని బట్టి పోల్చుకుంటున్నారు. విమానాలెలా ఉన్నాయని అడిగారు. కొత్తవాటిలా ఉన్నాయని చెప్పాను. నేను చెప్పిన మాటల్లో అంతకన్నా నిజమైంది లేదు. తెమ్మంటే, కట్టు విప్పాక చూద్దురు గాని అని ఊరించాను.

అత్తయ్య మాత్రం బీరువా చూసింది. బుగ్గన చెయ్యి పెట్టుకుని చాలాసేపు నిలబడిపోయింది. ఎలా ఉన్నాయి అత్తయ్యా అని అడిగితే, "మీ మావయ్యకి అప్పుడే కళ్ళు రాకపోతే బావుణ్ణురా" అంది. ఆవిడకి కామర్సు తెలీదు పాపం అనుకున్నాను.

పండగెళ్ళిన మూడో రోజు పొద్దున్న డాక్టరుగారు వచ్చారు. తెల్లటి మనిషి, నెమ్మదైన మాట. చేతిలో ఒక రేకు డబ్బా. దాంట్లో దూది, దూదిలో వైకౌంటు. మావయ్య పడక్కుర్చీలో నిటారుగా కూచున్నారు. పెళ్ళిచూపుల్లో పిల్లవాడి తండ్రి కూడా అలా కూచోడు. నేను డాక్టరుగారికి నమస్కారం చేసి, పుస్తకం మొత్తం చదివానని చెప్పి, బీరువా తలుపు తెరిచి పక్కకి జరిగాను.

డాక్టరుగారు జేబులోంచి భూతద్దం తీశారు. బీరువా వేపు చూశారు. భూతద్దం మళ్ళీ జేబులో పెట్టేసుకున్నారు. ఏడు విమానాలు కళ్ళు పెద్దవి చేసి ఆయన్ని చూస్తున్నాయి. ఆయన కూడా కళ్ళు పెద్దవి చేసి వాటిని చూస్తున్నారు. 

"మంచినీళ్ళు ఇస్తారా?" అన్నారు చివరికి.

అత్తయ్య తెచ్చింది. తాగి కుర్చీలో కూలబడ్డారు. అప్పుడు నేను, ఆయన ఆనందంతో మాట రాక అలా అయిపోయారనుకుని, తరుగుదల సిద్ధాంతం మొదలుపెట్టాను. రంగు పోతే చుక్క పోతుందండీ, కాబట్టి రంగు వేయించాను, ఇప్పుడు అన్నీ అయిదు చుక్కలవే, అడుగున తారు అదనం. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"బాబూ, మూడో పేజీ చదివారా?"

 ఆయన పుస్తకం అడిగి తీసుకుని, మూడో పేజీ తెరిచి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో నెమ్మదిగా చెప్పారు. "ఈ బొమ్మల విలువంతా ఫ్యాక్టరీలో వేసిన మొదటి రంగులోనే ఉంది. అది ఎంత పెచ్చులూడినా సరే అలాగే ఉండాలి. దాన్ని గీకి కొత్త రంగు వేసిన బొమ్మకి చుక్కలు లేవు. ఒక్కటి కూడా లేదు."

 పదకొండు విమానాలు. ముప్పై ఏళ్ళు. ఒక్క వారం.

మావయ్య అరవలేదు. అరిచి ఉంటే బావుండేది. డకోటా ఇలా ఇవ్వమన్నారు. ఇచ్చాను. వేళ్ళతో తడిమారు. ముక్కు దగ్గర ఆగి, పంకాల దగ్గర ఆగి, ఎడమ రెక్క కొస దాకా వెళ్ళి అక్కడ బొటనవేలితో వెతుక్కున్నారు.

"ఇక్కడ నా వేలు పట్టే గుంటుండేదిరా" అన్నారు. "ఒక తెల్లదొర కూతురు విమానం మెట్ల మీంచి దీన్ని పారేసుకుంది. నేను పరిగెత్తుకెళ్ళి తెచ్చిస్తే, నాకే ఇచ్చేసి వెళ్ళింది. అప్పుడు పడ్డ గుంటది."

నేను ఏడ్చాను. ఇరవై రెండేళ్ళ బీకాంవాణ్ణి, పరాయి ఊరి పెద్దమనిషి ముందు చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకుంటూ ఏడ్చాను. నా వల్ల మావయ్యకి వైకౌంటు లేకుండా పోయింది, ఉన్న డకోటా కూడా లేకుండా పోయింది. పదకొండింటిలో ఏ ఒక్కటీ మిగల్లేదు.

డాక్టరుగారు మంచివారు. బస్సుకి ఇంకా టైముంది, భోంచేసి వెళ్ళమని అత్తయ్య పట్టుబట్టింది. కోడి పలావు వండింది మరి. లోపలికి వెళ్ళబోతూ ఆయన రేకు డబ్బాలోంచి వైకౌంటు తీసి మావయ్య ఒళ్ళో పెట్టారు. "మా భోజనమయ్యేదాకా మీ దగ్గరే ఉంచుకోండి, పట్టుకుని చూడండి" అన్నారు. మావయ్యకి పథ్యం కాబట్టి ముందే గంజి తాగేశారు. ఆయన్ని అరుగు మీద వదిలేసి మేం పెరటి వసారాలో విస్తళ్ళ ముందు కూచున్నాం. నాకు ముద్ద దిగలేదు. డాక్టరుగారు మాత్రం ఆ దుఃఖంలోనే రెండుసార్లు పలావు వడ్డించుకున్నారు.

చేతులు కడుక్కుని బయటికి వచ్చేసరికి నూకరాజు కుంచె కడుగుతున్నాడు.

"వచ్చేరాండీ బాబుగారు" అన్నాడు సంతోషంగా. "మిగతా నాలుగిటికీ కళ్ళు పెట్టేసేనండి. ఇది కూడా అయిపోయిందండి."

కిటికీ గట్టు మీద వైకౌంటుంది. నీలంగా ఉంది. నడుమున ఎర్ర పట్టీ ఉంది. అటొక కన్ను, ఇటొక కన్ను పెట్టుకుని తడితడిగా మెరుస్తూ డాక్టరుగారినే చూస్తోంది. పక్కన అందమైన అక్షరాలతో 'రత్నమ్మ' అని రాసుంది. పడక్కుర్చీలో మావయ్య ఒళ్ళో చేతులు పెట్టుకుని, కంటి మీద ఆకుపచ్చ గుడ్డతో నిద్రపోతున్నారు.

నాకు ఎటు పారిపోవాలో తోచలేదు. ఎటు పరిగెత్తినా మా దీవిలో చివరికి గోదావరో సముద్రమో అడ్డొస్తుంది. డాక్టరుగారు నెమ్మదిగా వెళ్ళి వైకౌంటుని చూశారు. వెనక్కి తిరిగి బీరువాలో డకోటాని చూశారు. ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఈయన కూడా ఏడుస్తున్నారు దేవుడా అనుకున్నాను. ఏడవడం కాదు, నవ్వుతున్నారు. నవ్వీ నవ్వీ గోడ పట్టుకున్నారు.

"శామ్యూలుగారూ, లేవండి" అన్నారు, కళ్ళొత్తుకుంటూ. "నేను వచ్చింది మార్పిడికి గదా. పొద్దున్న మీదానికి విలువ లేదు, నాదానికుంది, అందుకని కుదర్లేదు. ఇప్పుడు మీదానికీ లేదు, నాదానికీ లేదు. సరిసమానం. మాట ప్రకారం మార్చేసుకుందాం."

అలా 'గంగమ్మ దయ' మద్రాసు వెళ్ళింది. 'రత్నమ్మ' పన్నెండో గడిలో కూచుంది. డాక్టరుగారి చేతికి అత్తయ్య రెండు డజన్ల పూతరేకులు కట్టిచ్చింది. నూకరాజు బస్సు దాకా వెళ్ళి, డకోటాకి తడి తగలనివ్వద్దని, ఏడాదికోసారి తారు పూస్తుండమని ఆయనకి చెప్పి వచ్చాడు.

కథ ఇక్కడితో అయిపోయిందనే నేనూ అనుకున్నాను. నెల్లాళ్ళ తర్వాత మావయ్యకి సోడాబుడ్డి కళ్ళజోడొచ్చింది. కళ్ళజోడు పెట్టుకున్న మొదటిరోజే బీరువా ముందు కుర్చీ వేసుకుని కూచుని, వైకౌంటుని చేతిలో తిప్పి తిప్పి చూసుకుంటుంటే నేనూ వంగి చూశాను. అప్పుడు పట్టుకున్నాను. నూకరాజు పదకొండు విమానాలకీ కిటికీల మీద కూడా నీలం పూసేశాడు. ఈ ఒక్కదానికి మాత్రం ప్రతి కిటికీ చుట్టూ సన్నకుంచెతో జాగ్రత్తగా వేసి, కోడిగుడ్డు ఆకారంలో అందంగా వదిలేశాడు. ఇంకో సంగతి. అత్తయ్య పేరు రత్నమ్మని నూకరాజుకి ఎవరు చెప్పారు? వాడు ఆవిణ్ణి ఎప్పుడూ అమ్మగారనే పిలుస్తాడు.

సైకిలేసుకుని ఓడలరేవు వెళ్ళాను. రేవులో పడవకి తారు పూస్తున్నాడు నూకరాజు. అడిగితే కుంచె ఆపకుండానే చెప్పాడు.

"పెద్దాయన్ని అడిగేనండి. ఇది కూడా వెయ్యాలాండీ అంటే, ఆయ్, అన్నీ వెయ్యమన్నాడు గదా మా అల్లుడు, వెయ్యవయ్యా అన్నారండి. పేరు కూడా ఆయనే చెప్పేరండి. కిటికీలు మాత్రం ముయ్యొద్దు, అందులోంచి మనిషి చెయ్యి ఊపాలి అన్నారండి."

గాలికి ఎదురుగా సైకిలు తొక్కుకుంటూ ఇంటికొచ్చి, మావయ్య ముందు నిలబడ్డాను. ఆయన గుడి పెద్ద, కానుక పళ్ళెం పట్టే మనిషి, జీవితంలో అబద్ధమాడగా నేను చూళ్ళేదు. ఆ రోజు మీరు నిద్రపోతున్నారా అని అడిగాను.

సోడాబుడ్డి అద్దాల వెనక ఆయన కళ్ళు మామూలుకన్నా నాలుగింతలు అమాయకంగా కనబడ్డాయి.

"ఏవోరా బాబూ" అన్నారు. "నాకప్పుడు కళ్ళు కనపళ్ళేదు గదా."

లోపలి నించి అత్తయ్య నవ్వు వినబడింది. తర్వాతి క్రిస్మసుకి డాక్టరుగారు నాకు శుభాకాంక్షలు పంపిస్తూ, కింద ఒక వాక్యం అదనంగా రాశారు. 'నేను కళ్ళ డాక్టర్ని. నిద్రపోయే మనిషి వేలికి తడి నీలం రంగు ఎలా అంటుతుందో ఆ రోజే అనుమానం వచ్చింది. మీ మావయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి.'

ఆ తర్వాత ముప్పై ఏళ్ళు కాలేజీలో కామర్సు చెప్పాను. తరుగుదల పాఠం వచ్చిన రోజు ప్రతి ఏడూ సెలవు పెట్టేవాణ్ణి. ఇప్పుడు రిటైరయ్యాను. ఈ సందర్భంగా మీ అందరి ఎదుట, కుడిచెయ్యి పైకెత్తి, నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ పుస్తకమైనా సరే, మూడో పేజీ చదవకుండా రంగు డబ్బా మూత తియ్యను. ఒకవేళ తీసినా, కిటికీలు మాత్రం మూసెయ్యను.